మామయ్య ఈ-రిక్షాకి సీసం బ్యాటరీలా, లిథియమా?

గోదారిగట్టు | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా మామయ్య నాలుగేళ్ళుగా రాజమండ్రిలో ఈ-రిక్షా నడుపుతున్నాడు. సీటు కింద నాలుగు సీసం బ్యాటరీలుంటాయి, ఒక్కోటి 12 వోల్టులు. ఇప్పుడున్న సెట్టు వేయించి పదకొండు నెలలైంది. మొదట్లో పొద్దున ఆరు నుంచి చీకటి పడేదాకా లాగేది. ఇప్పుడు మధ్యాహ్నం రెండయ్యేసరికి ఫ్లైఓవర్ ఎక్కలేకపోతోంది. నిన్న వెనక కూర్చున్న ఇద్దరు పిల్లల తల్లిని దిగమని అడగాల్సి వచ్చిందట. ఇంటికొచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

దుకాణంలో చెప్పిన రేట్లు ఇవీ: సీసం సెట్టు 44 వేలు, లిథియం ప్యాక్ 85 వేలు. పాత సెట్టు ఇచ్చేస్తే ఏది కొన్నా 12 వేలు తగ్గిస్తారు. మామయ్య "సీసమే వేయిద్దాం రా" అంటున్నాడు. నాకు లిథియం వేయించాలని ఉంది. కానీ లెక్క కట్టి ఆయన్ని ఒప్పించేంత తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

వోల్ట్‌మీటర్ | సోమవారం రాత్రి 9:50

తమ్ముడూ, ముందు రెండు సంగతులు చెప్పు. నీళ్ళు ఎన్నాళ్ళకోసారి పోస్తున్నారు? బండి ఇంటికి రాగానే చార్జింగ్ పెడుతున్నారా, చల్లారాక పెడుతున్నారా?

అది చెప్పేలోపు లెక్క చూద్దాం. పాత సెట్టు పోగా సీసానికి 32 వేలు. పదకొండు నెలలంటే 330 రోజులు. రోజుకి 97 రూపాయలు. లిథియానికి 73 వేలు. మూడేళ్ళ వారంటీ నిజంగా నిలబడితే 1,095 రోజులు, అంటే రోజుకి 67 రూపాయలు. వారంటీ తర్వాత నడిచినన్నాళ్ళూ మిగులే. మంచి ఎల్‌ఎఫ్‌పీ (ఇనుము, ఫాస్ఫేటు వాడే లిథియం రకం) సెల్స్ అయితే రెండు వేలసార్లు పైగా నింపి వాడొచ్చు.

ఇంకోటుంది. సీసం సెట్టు మీద ఆరు యూనిట్లకి పైగా రాసి ఉంటుంది గానీ, రోజూ సగానికి మించి తోడితే ప్లేట్లు పోతాయి. వాడుకోగలిగేది మూడు యూనిట్లు. 51.2 వోల్టుల 105 ఆంపియర్ అవర్ లిథియం ప్యాక్ నుంచి నాలుగున్నర యూనిట్లు నిశ్చింతగా తీయొచ్చు. బరువు కూడా సగంలోపే. నాలుగు సీసం బ్యాటరీలంటే వంద కిలోల పైమాటే, ఆ బరువునీ బండే మోస్తోంది కదా.

గోదారిగట్టు | సోమవారం రాత్రి 10:05

అన్నా, రాగానే పెట్టేస్తాడు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. నీళ్ళు నెలకోసారి. డిస్టిల్డ్ వాటర్ అయిపోతే ఒకటి రెండుసార్లు కుళాయి నీళ్ళు పోశానని ఇప్పుడే ఒప్పుకున్నాడు.

వోల్ట్‌మీటర్ | సోమవారం రాత్రి 10:11

అదే కొంప ముంచింది. కుళాయి నీళ్ళలో ఉండే లవణాలు, ఇనుము ప్లేట్లని తినేస్తాయి. దానికి వేడి తోడైంది. సీసం బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర ఆయుష్షు లెక్క వేస్తారు. అక్కడినుంచి ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన వేసవిలో రేకుల షెడ్డు కింద పెట్టి చార్జ్ చేస్తే ఏడాది రావడమే గొప్ప. ఇంటికొచ్చాక కనీసం గంట ఆరనివ్వమను. ఏ బ్యాటరీ కొన్నా ఈ మాట మర్చిపోవద్దు.

రాత్రిషిఫ్ట్ | మంగళవారం ఉదయం 6:30

లెక్కలన్నీ బాగున్నాయి గానీ మామయ్య సీసం ఎందుకంటున్నాడో ఎవరూ అడగలేదు. నేను విజయవాడలో ఐదేళ్ళు బండి తోలాను, అందుకే చెబుతున్నా.

మా స్టాండులో బ్యాటరీ అందరూ డైలీ ఫైనాన్సు మీదే వేయిస్తారు. పది వేలు రాసుకుని చేతికి తొమ్మిది వేలిస్తారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సీసం సెట్టుకి 32 వేలు కావాలంటే రోజుకి 360 దాకా కట్టాలి. లిథియానికి 73 వేలు కావాలంటే రోజుకి 810. రోజంతా తిరిగితే ఖర్చులు పోను చేతికొచ్చేది తొమ్మిది వందలు, మంచి రోజైతే వెయ్యి. 810 ఎక్కడినుంచి కడతాడు? పిల్లల ఫీజు ఎవరు కడతారు?

బ్యాటరీ మూడేళ్ళు నడుస్తుంది, అప్పు వంద రోజుల్లో తీర్చాలి. ఆ తేడా వల్లే అందరం మళ్ళీ మళ్ళీ సీసమే కొన్నాం. లిథియం మంచిదని తెలియక కాదు. ఐదేళ్ళలో నేను ఆరు సెట్లు మార్చాను. కూడితే రెండు లిథియం ప్యాకులకి సరిపోయేది, ఇంకా మిగిలేది.

పాతసబ్‌స్టేషన్ | మంగళవారం ఉదయం 8:15

పై బాబు రాసింది రెండుసార్లు చదివాను. నేను 31 ఏళ్ళు సబ్‌స్టేషన్లలో పనిచేసి రిటైరయ్యాను. ఆయన స్టాండులో చూసిందే దేశం మొత్తం మీద గ్రిడ్ నిల్వలోనూ కనిపిస్తుంది. కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

మా రోజుల్లో నిల్వంటే కంట్రోల్ రూము పక్కగదిలోని బ్యాటరీ బ్యాంకు. రెండు వోల్టుల సెల్స్ 110, కలిపి 220 వోల్టుల డీసీ. షిఫ్ట్ ఎక్కగానే గుర్తుగా ఎంచుకున్న పైలట్ సెల్‌లో, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచి రీడింగ్ రాయాలి. 1.200 దగ్గర ఉంటే ప్రాణం కుదుటపడేది. లైను పోయినా బ్రేకర్లు తెరుచుకోవాలంటే ఆ సెల్సే దిక్కు. ఊరికి ఇచ్చేంత కరెంటుని దాచిపెట్టొచ్చని అప్పట్లో మేం అనుకోలేదు.

ఇప్పుడు పగలు సోలార్ పుష్కలం. సాయంత్రం ఆరు దాటాక అది సున్నా, అప్పుడే జనం ఇళ్ళకి చేరి ఏసీలు వేస్తారు. 2024 మే 30న దేశంలో గరిష్ఠ డిమాండు 250 గిగావాట్లు తాకింది. ఎండ ఉన్న గంటలు ఎలాగో గడిచిపోతాయి, సాయంత్రాన్ని గట్టెక్కించడమే కష్టం. 2031-32 నాటికి 411 గిగావాట్ అవర్ (ఒక్కోటి పది లక్షల యూనిట్లు) నిల్వ కావాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క కట్టింది. అందులో 236 బ్యాటరీలు, 175 పంప్డ్ స్టోరేజి, అంటే నీళ్ళు పైకి తోడి దాచడం.

ధర సంగతికొద్దాం. 2022లో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకీ పిలిచిన 500 మెగావాట్లు, 1,000 మెగావాట్ అవర్ టెండరులో వచ్చిన ధర మెగావాటుకి నెలకి 10.84 లక్షలు. 2024 నవంబరులో రాజస్థాన్ టెండరు 2.21 లక్షలకి దిగింది. ఒక మెగావాటంటే రెండు గంటల నిల్వ, రెండు వేల యూనిట్లు. రోజుకి రెండుసార్లు నింపి వాడగలిగితే మొదటి ధరలో యూనిట్ దాచడానికి 8.90 రూపాయలు పడేది, రెండోదానిలో 1.80. రోజుకి ఒక్కసారే వాడితే రెండూ రెట్టింపవుతాయి. నింపిన కరెంటులో నష్టపోయేది దీనికి అదనం.

సెల్స్ చౌకైన మాట నిజమే. రెండోదాని వెనక కేంద్రం ఇచ్చే వయబిలిటీ గ్యాప్ ఫండింగ్, అంటే గిట్టుబాటు కావడానికి ఇచ్చే సాయం కూడా ఉంది. కానీ ఇంకో కారణం చూడండి. ఈ ఒప్పందాలు 12 ఏళ్ళవి. నెలనెలా ఇంత అని రాసి ఉంటుంది కాబట్టి బ్యాంకులు తక్కువ వడ్డీకి దీర్ఘకాలం అప్పిస్తాయి. బ్యాటరీ ఎన్నాళ్ళు పనిచేస్తుందో అప్పు కూడా అన్నాళ్ళు సాగుతుంది. మీ స్టాండులో దొరకనిది అదే.

చీకటివేళ | మంగళవారం ఉదయం 9:02

సర్, 2.21 లక్షలని అందరూ సంబరపడుతున్నారు, నాకు భయంగా ఉంది. టెండరు గెలవడానికి వేసే ధర వేరు, బ్యాటరీ తెచ్చి బిగించి 12 ఏళ్ళు నడపడం వేరు. సెల్స్ ధర ఇంకా పడుతుందని ఆశపడి వేసినవాళ్ళుంటే, అది పడకపోతే ప్రాజెక్టు కాగితం మీదే ఉండిపోతుంది. సాయంత్రం కోత మాత్రం మనకే.

పాతసబ్‌స్టేషన్ | మంగళవారం ఉదయం 9:40

మీ భయం సబబేనమ్మా. టెండర్లలో ఖరారైనదానికీ ఇవాళ నడుస్తున్నదానికీ మధ్య చాలా దూరం ఉంది. నడుస్తున్నవాటిలో ఛత్తీస్‌గఢ్ రాజ్‌నంద్‌గావ్‌లో సోలార్‌తో కలిపి పెట్టిన 40 మెగావాట్లు, 120 మెగావాట్ అవర్‌ది ఒకటి. ఢిల్లీ కిలోకరీ సబ్‌స్టేషన్‌లో 20 మెగావాట్లు, 40 మెగావాట్ అవర్‌ది ఇంకోటి. నాకు కిలోకరీదే ఎక్కువ నచ్చింది. అది డిస్కం (ఇళ్ళకి కరెంటు పంచే సంస్థ) సబ్‌స్టేషన్‌లోనే ఉంది, జనం ఇళ్ళకి దగ్గర. ట్రాన్స్‌ఫార్మర్ మీద సాయంత్రపు భారం అక్కడికక్కడే తగ్గుతుంది. మన 33 కేవీ సబ్‌స్టేషన్లలో అలాంటివి రావాలని నా కోరిక.

సీమఎండ | మంగళవారం మధ్యాహ్నం 1:20

బ్యాటరీ అనగానే అందరూ లిథియమే అంటారు. నీళ్ళని మరిచిపోవద్దు. మాది నంద్యాల వైపు. పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి వచ్చింది. పైనొక చెరువు, కిందొక చెరువు. పగలు సోలార్ కరెంటుతో నీళ్ళు పైకెక్కిస్తారు, సాయంత్రం వదిలి కరెంటు తీస్తారు. నదికి అడ్డంగా కట్టింది కాదు, నింపిన నీళ్ళే తిరుగుతుంటాయి. ఆవిరైనంత మళ్ళీ పోస్తే సరి.

మన పెద్దలు ఇది ఎప్పుడో చేశారు. నాగార్జునసాగర్‌లో ఏడు టర్బైన్లు, శ్రీశైలం ఎడమగట్టున ఆరు టర్బైన్లు వెనక్కి తిరిగి నీళ్ళు తోడగలిగేవే. దీనికి విదేశీ సెల్ అక్కర్లేదు. పెట్టిన కరెంటులో నాలుగింట మూడొంతుల పైన తిరిగొస్తుంది, దశాబ్దాలు నడుస్తుంది.

కట్టడానికి ఏళ్ళు పడుతుంది, కొండ ఉన్నచోటే కుదురుతుంది. ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పెట్టుకోవాలంటే బ్యాటరీయే, అది ఒప్పుకుంటాను.

కొత్తమీటర్ | మంగళవారం సాయంత్రం 4:45

కాస్త పక్కకెళ్తున్నాను, ఏమీ అనుకోకండి. సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాం, 78 వేలు సబ్సిడీ వచ్చింది, బిల్లు బాగా తగ్గింది. కానీ కరెంటు పోతే మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఇంట్లో ఫ్యాను తిరగడం లేదు. పెట్టినవాళ్ళకి ఫోన్ చేస్తే "అంతే మేడం" అని పెట్టేశారు. ఏదైనా పాడైందా?

వోల్ట్‌మీటర్ | మంగళవారం సాయంత్రం 5:10

పాడు కాలేదక్కా. లైను పోగానే మీ ఇన్వర్టర్ తనంతట తానే ఆగాలి, అది నిబంధన. లేకపోతే కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కి మీ ఇంటి సోలార్ షాక్ కొడుతుంది. కోతలోనూ ఫ్యాను తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ ఉండాలి. అమ్మేటప్పుడే ఈ ముక్క చెప్పాలి. చాలామందికి చెప్పడం లేదు, అది తప్పు.

మీకు కోత రోజుకి అరగంటే అయితే మాత్రం మామూలు పాతరకం ఇన్వర్టర్, ట్యూబులర్ (సీసం) బ్యాటరీ చాలు. అప్పుడప్పుడూ వాడేదానికి లిథియం మీద అంత డబ్బు పెట్టకండి. రోజూ నింపి రోజూ ఖాళీ చేసేవాళ్ళకే లిథియం గిట్టుబాటు.

ప్లేటుతూకం | మంగళవారం రాత్రి 8:30

అందరూ సీసాన్ని తీసిపారేస్తున్నారు కాబట్టి దాని తరఫున నేను మాట్లాడతాను. పదిహేనేళ్ళుగా బ్యాటరీ వ్యాపారంలో ఉన్నాను.

రాజస్థాన్‌లో మన సీసం గనులున్నాయి. ఫ్యాక్టరీలు మనవి, పని తెలిసినవాళ్ళు మనవాళ్ళు. పాత బ్యాటరీని ఎవరూ పారేయరు, తూకానికి కొంటారు. ఆ సీసం కరిగి మళ్ళీ బ్యాటరీ అవుతుంది. మామయ్య పాత సెట్టుకి 12 వేలు వస్తున్నాయంటే అందుకే. లిథియం ప్యాక్ చచ్చాక ఎంతిస్తారో అడిగి చూడండి. ఎల్‌ఎఫ్‌పీలో కోబాల్ట్ లేదు, నికెల్ లేదు. చౌకగా రావడానికీ, తొందరగా అంటుకోకపోవడానికీ అదే కారణం. కానీ తిరిగి అమ్మబోతే తూకంవాడు ముట్టుకోడు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారు, దిగుమతిదారు వెనక్కి తీసుకునే బాధ్యత పడాలి. ప్యాక్ మీద పేరే లేని చోట ఎవర్ని పట్టుకుంటాం?

నిమ్మచెట్టు | మంగళవారం రాత్రి 10:20

గనుల మాట, తూకం మాట నిజమే కావచ్చు సర్. కానీ కరిగించేది ఎక్కడో మీరు రాయలేదు.

మా చిన్నప్పుడు ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఒక భట్టీ ఉండేది. గొడ్డలితో బ్యాటరీ పైమూత కొట్టేవాళ్ళు. యాసిడ్ కాలవలోకి వంపేసేవాళ్ళు, అది పారినంత మేరా గడ్డి తెల్లబడిపోయేది. ప్లేట్లు బొగ్గుల మీద వేసి కరిగిస్తే తియ్యటి, గొంతు పట్టేసే పొగ వచ్చేది. మేం ఆ నల్లటి డబ్బాలతో ఇళ్ళు కట్టి ఆడుకున్నాం. అమ్మ ఆ గోడవైపు బట్టలు ఆరేసేది.

పెద్దయ్యాక తెలిసింది, పిల్లల రక్తంలో సీసం ఇంత ఉంటే ఫరవాలేదనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. 2020లో యునిసెఫ్ నివేదిక మన దేశంలో 27 కోట్లమందికి పైగా పిల్లల రక్తంలో డెసిలీటరుకి ఐదు మైక్రోగ్రాములకి మించి సీసం ఉందని లెక్కవేసింది. అదంతా బ్యాటరీల వల్లే కాదు, కానీ ఇలాంటి భట్టీలు ముఖ్య కారణాల్లో ఒకటి. పక్కింటి అబ్బాయి పదో తరగతి దాటలేకపోయాడు. భట్టీ వల్లేనని నేను రుజువు చేయలేను. కానీ ఆ గోడ గుర్తొచ్చినప్పుడల్లా వాడే గుర్తొస్తాడు.

ప్లేటుతూకం | మంగళవారం రాత్రి 10:48

చదివి చాలాసేపు ఊరుకున్నానమ్మా. మీరన్నది నిజం. నేను రిజిస్టరైన రీసైక్లర్‌కే పంపుతాను, కానీ రొక్కం ఎక్కువిచ్చే దళారీకి అమ్మేసే దుకాణాలు నాకు తెలుసు. గోదారిగట్టు బాబూ, పాత సెట్టు ఇచ్చేటప్పుడు బిల్లు మీద తూకం, వెళ్ళే రీసైక్లర్ పేరు రాయమని అడగండి. రాయనంటే ఇంకో దుకాణానికి వెళ్ళండి.

పాలమూరుబిడ్డ | బుధవారం ఉదయం 7:55

సెల్స్ ఎక్కడివన్నది ఎవరూ మాట్లాడలేదన్నా. మా మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిల అమరరాజా లిథియం ఫ్యాక్టరీ కడుతోంది. 9,500 కోట్లు, 16 గిగావాట్ అవర్ దాకా సెల్స్ అని 2022 డిసెంబరుల ఒప్పందం చేసుకున్నరు. మా దోస్తులు నలుగురు ఆ ఆశతోనే డిప్లొమా చేసిన్రు.

దేశం మొత్తం చూస్తే 2021 మేల 18,100 కోట్ల ప్రోత్సాహకం ప్రకటించిన్రు, లక్ష్యం 50 గిగావాట్ అవర్. అనుకున్న గడువుకి అందులో చాలా తక్కువే లేచింది. ఫ్యాక్టరీ గోడ లేపుడు కష్టం గాదు. మిషన్లు, వాటిని నడపనేర్చిన మనుషులు, సెల్ లోపల వేసే క్యాథోడ్ పౌడర్, అన్నీ చైనా చేతుల ఉన్నయి. 2025 జులైల ఎల్‌ఎఫ్‌పీ క్యాథోడ్ తయారీ పరిజ్ఞానం బయటికి పోకుండ చైనా ఆంక్షలు పెట్టింది.

జమ్మూల రియాసి దగ్గర 59 లక్షల టన్నుల లిథియం అని 2023 ఫిబ్రవరిల వార్తొస్తే ఊరంత మిఠాయిలు పంచుకున్నట్టు మాట్లాడిన్రు. అది ఖనిజం మీద తొలి అంచనా, చేతికొచ్చే లోహం గాదు. వేలం పెడితే సరిపడ బిడ్లు రాక రద్దయింది. ఇప్పుడు మనదగ్గర ప్యాక్ అంటే ఎక్కువ శాతం బయటి సెల్స్ తెచ్చి ఇక్కడ వెల్డింగ్ చేసుడే.

వోల్ట్‌మీటర్ | బుధవారం ఉదయం 8:20

అందుకే కొనేటప్పుడు జాగ్రత్త. బండిలో వాడి తీసిన పాత సెల్స్‌కి కొత్త నీలం తొడుగు వేసి అమ్మేవాళ్ళున్నారు. గోదారిగట్టు తమ్ముడూ, ప్యాక్ మీద సీరియల్ నంబర్, తయారీ నెల ఉండాలి. బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్) యాప్‌లో చూపిస్తుందంటే ఒక్కో సెల్ వోల్టేజి చూపించమను. అన్నీ ఒక వరసలో ఉండాలి, ఒకటి 3.30 ఇంకోటి 3.10 చూపిస్తే వదిలేసి వచ్చెయ్. పాత సీసం చార్జర్ లిథియానికి పెట్టొద్దు, దాని చార్జర్ దానికే. 2022లో వరసగా స్కూటర్లు కాలాక బండి బ్యాటరీలకి ఏఐఎస్-156 పరీక్షలు గట్టి చేశారు. ఆ కాగితం ఉందా అని అడుగు.

రాత్రిషిఫ్ట్ | బుధవారం ఉదయం 8:41

అద్దె బ్యాటరీ సంగతి కూడా కనుక్కో. 2020 ఆగస్టులోనే బ్యాటరీ లేకుండా బండి అమ్మొచ్చని కేంద్ర రవాణా శాఖ చెప్పింది. మార్పిడి కేంద్రం ఉన్న ఊళ్ళో ఖాళీది ఇచ్చి నిండుది తీసుకుంటారు, రోజు లెక్కన కడతారు. పెద్ద అప్పు నెత్తిన పడదు. మా దగ్గర ఒకే కేంద్రం, నా రూటుకి నాలుగు కిలోమీటర్లు, అందుకని కుదరలేదు.

అది లేకపోతే ఇంట్లో ఆడవాళ్ళని అడుగు. డ్వాక్రా గ్రూపులో ఉన్నారా?

గోదారిగట్టు | తర్వాతి ఆదివారం రాత్రి 9:30

అందరికీ దణ్ణాలు. రాత్రిషిఫ్ట్ అన్నా, నీ మాటే పనిచేసింది.

మార్పిడి కేంద్రం మామయ్య రూటులో లేదు. అత్తయ్య గ్రూపులో అడిగితే 50 వేలు ఇచ్చారు, 24 వాయిదాలు. వడ్డీతో కలిపినా రోజుకి తొంభై రూపాయల లోపే పడుతోంది. మిగతా 23 వేలు మామయ్య సెట్టు కోసం దాచుకున్నవి. సీసం అయితే రోజుకి 97 అని వోల్ట్‌మీటర్ అన్న వేసిన లెక్క పక్కన ఇది రాసి చూపించాను. ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, స్టాండులో చూపిస్తానన్నాడు.

మొదటి దుకాణంలో యాప్ చూపించమంటే విసుక్కున్నారు, వచ్చేశాం. రెండోచోట చూపించారు, పదహారు సెల్సూ 3.29, 3.30 మధ్యే ఉన్నాయి. పాత బ్యాటరీలు తూకం వేస్తే 117 కిలోలు. నిమ్మచెట్టు అక్కా, బిల్లు మీద రీసైక్లర్ పేరు రాయించాను. రాసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను.

నాలుగు రోజులైంది. నిన్న రాత్రి ఎనిమిదింటికి ఫ్లైఓవర్ మీద నలుగురితో ఎక్కాడు, ఇంటికొచ్చేసరికి ఇంకా 22 శాతం ఉంది. బండి గుమ్మంలో ఆపి గంటసేపు అరుగు మీద కూర్చున్నాక చార్జింగ్ పెడుతున్నాడు. మొదటి వేసవి దాటాక ఎంత దూరం వస్తోందో ఇక్కడే రాస్తాను.